వెలుగుకీ ఓ వంతుంది!

రాజమండ్రిలో మా వీధి చిన్నది. ఓ ముప్ఫై గడపలుంటాయంతే. ఆ మధ్య ఇంజినీరింగు కౌన్సెలింగు జరుగుతున్న రోజుల్లో ఓ సాయంత్రం ఆ ముప్ఫై ఇళ్లలోనూ ఒకేసారి ఇంటర్నెట్ ఆగిపోయింది. మామూలు రోజైతే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. టీవీ రాకపోతే అరుగులమీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. కానీ ఆరోజు ఎదురింటమ్మాయి వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరి రోజు. ఏ కాలేజీ ముందు, ఏది తరవాత అని వాళ్ల నాన్నగారు నాలుగు రోజులుగా రాసీ కొట్టేసీ, కొట్టేసీ రాసీ ఓ జాబితా తయారుచేశారు. తీరా ఎక్కించే సమయానికి ఇదీ సంగతి. మా వీధిలో ఫోను సిగ్నలు కూడా అంతంతమాత్రమే.

ఫిర్యాదు చేస్తే కేబుల్ అబ్బాయి ఏడున్నరకి వచ్చాడు. స్తంభం ఎక్కి చూశాడు, తీగ బాగానే ఉంది. దిగి, మొదటి ఇంటి నుంచీ ఒక్కో ఇంట్లోకీ వెళ్లి గోడకున్న పెట్టెలోంచి ఫైబరు తీగ పీకడం, బయటికొచ్చి ఫోనులో ఎవరినో 'వచ్చిందా?' అని అడగడం, రాలేదంటే మళ్లీ పెట్టేయడం. ఇదే వరస. నేను మాత్రం వీధిలో నిలబడి కంపెనీని తిట్టిపోస్తున్నా. పదకొండో ఇల్లు మాది. మా పెట్టెలోంచి తీగ పీకాడో లేదో... ఎదురింట్లోంచి 'వచ్చేసింది నాన్నా!' అని కేక!

దొంగ మా ఇంట్లోనే ఉన్నాడన్నమాట. రెండు గంటలుగా ఊరందర్నీ తిట్టిన నా మొహం చూడాలి అప్పుడు.

'మా పెట్టె పాడైతే మాకు పోవాలి గానీ వీధి మొత్తానికీ ఎందుకు పోయిందయ్యా?' అనడిగా.

'ఆయ్... మీ పెట్టెలో లైటు ఆరకుండా వెలుగుతూనే ఉండిపోయిందండి. అందరి వంతూ మీదే తినేసిందండి' అన్నాడు.

వంతు! గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకి ఆ మాట వినగానే కాలవే గుర్తొస్తుంది. వెలుగుకి వంతేమిటి? ఆ రాత్రి మొదలైన ఆ అనుమానమే ఈ వారం కథ.

లస్కరు లేని కాలవ ఉంటుందా?

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట గురించి మనకెవరూ చెప్పక్కర్లేదు. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో పది లక్షల పైచిలుకు ఎకరాలకి నీళ్లు అక్కణ్నుంచే. సార్వాకి ఫర్వాలేదు, గోదావరి నిండుగా ఉంటుంది. దాళ్వాకి నీరు తగ్గిన ఏడాది మాత్రం 'వంతులవారీ' పద్ధతి పెడతారు. ఈ కాలవకి ఇన్ని రోజులు, ఆ కాలవకి అన్ని రోజులు. తూముల దగ్గర లస్కర్లు కాపలా. ఒకడి వంతులో ఇంకొకడు తూము ఎత్తేస్తే శివారు పొలాలు ఎండిపోతాయి. గొడవలైపోతాయి.

అచ్చం అలాంటి ఏర్పాటే మన వీధుల్లో స్తంభాలమీద వేలాడుతున్న గాజు తీగలోనూ ఉంది. కాకపోతే అక్కడ వంతు రోజుల్లో ఉండదు... సెకనులో వందకోట్లో వంతులో ఉంటుంది!

మోరి చెప్పిన కథ

ఈ గాజు తీగ ఇంటింటికీ రావడంలో మన కోనసీమకి ఓ ప్రత్యేకత ఉంది. సఖినేటిపల్లి మండలంలోని మోరి జీడిపప్పుకి పేరున్న ఊరు. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన సాలొమన్ డార్విన్‌ది ఆ ఊరే. ఆయన చొరవతో స్మార్ట్ విలేజి ప్రయోగానికి మోరిని ఎంచుకున్నారు. ఏపీ ఫైబర్ పథకం కింద ఇళ్లకి ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఒకే తీగమీద ఇచ్చి, 2016 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాన్ని ఆరంభించారు. ఏడాది తరవాత, 2017 డిసెంబరు 27న, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్రమంతటికీ ఆ పథకాన్ని ప్రారంభించారు. నేల తవ్వకుండా కరెంటు స్తంభాలమీదుగానే వేల కిలోమీటర్ల తీగ లాగేశారు. ఆ పథకం మంచిచెడ్డల లెక్కలు వేరే. తరవాత ప్రైవేటు కంపెనీలూ వచ్చాయి. ఎవరిదైనా గోడకున్న పెట్టెలోపల జరిగే పని మాత్రం దాదాపు ఒకటే. దాన్ని 'జీపాన్' పద్ధతి అంటారు.

అదేంటంటే... ఆఫీసు నుంచి ఒక్క గాజు తీగ బయల్దేరి మీ వీధి దాకా వస్తుంది. అక్కడ 'స్ప్లిటర్' అనే చిన్న డబ్బాలో అది 32 పాయలుగానో 64 పాయలుగానో చీలుతుంది. ఒక్కో పాయా ఒక్కో ఇంటికి. ధవళేశ్వరం దగ్గర అఖండ గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలినట్టే అనుకోండి. ఆఫీసు నుంచి వచ్చే వెలుగు అన్ని ఇళ్లకీ వెళ్తుంది. ఎవరి సమాచారం వాళ్ల పెట్టె మాత్రమే విప్పుకోగలిగేలా తాళం వేసి ఉంటుంది. అందులో చిక్కేం లేదు.

చిక్కంతా ఎదురు ప్రయాణంలో. మనం ఓ ఫొటో పంపినా, వెబ్ ఆప్షన్ నొక్కినా మన పెట్టెలోని చిన్న లేజరు మెరుస్తుంది. ఆ మెరుపులు వెనక్కి వెళ్లి, స్ప్లిటర్ దగ్గర ముప్ఫై ఇళ్ల మెరుపులతో కలిసి, ఒకే తీగలోకి దూరాలి. రెండిళ్లవి ఒకేసారి వస్తే రెండూ చెడిపోతాయి. అందుకే వంతు! ఆఫీసులోని యంత్రమే ఇక్కడ లస్కరు. సెకనుకి 8 వేలసార్లు 'నువ్వు ఇప్పుడు మొదలుపెట్టు, ఇక్కడ ఆపు' అని ఒక్కో పెట్టెకీ చెబుతూనే ఉంటుంది.

చీర పొడవంత ఖాళీ

ఈ లస్కరు ఎంత కచ్చితమైనవాడో చూడండి.

గాజులో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మన పెట్టెలోని లేజరు సెకనుకి 124 కోట్ల పైచిలుకు మెరుపుల వేగంతో మాట్లాడుతుంది. అంటే ఒక్కో మెరుపుకి దొరికే సమయం 0.8 నానో సెకను. నానో సెకను అంటే ఎంతో ఊహకి అందదు కదా. ఒక నానో సెకనుని మన సెకను అనుకుంటే, అసలు సెకను 31 ఏళ్ల పైమాటే! అంత చిన్న సమయం. అందులో వెలుగు గాజు తీగలో జానెడు కూడా పోదు. ఇక ఒకరి వంతుకీ ఇంకొకరి వంతుకీ మధ్య వదిలే ఖాళీ సుమారు 26 నానో సెకన్లు. తీగలో కొలిస్తే ఐదు మీటర్లు... ఓ చీర పొడవు! ఆ ఖాళీలోనే ముందు ఇంటి లేజరు పూర్తిగా ఆరిపోవాలి, తరవాతి ఇంటిది వెలగాలి.

మరి ఒకరిల్లు ఆఫీసుకి అర కిలోమీటరు దూరంలోనూ ఇంకొకరిది పది కిలోమీటర్ల అవతలా ఉంటే? లస్కరు ముందే ప్రతి పెట్టెకీ ఓ పిలుపు పంపి, జవాబు తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో కొలుచుకుంటాడు. దాన్నిబట్టి దగ్గరివాళ్లని కాసేపు ఆగమంటాడు. దూరంవాళ్లని వెంటనే పంపమంటాడు. దాంతో అందరూ ఒకే దూరంలో ఉన్నట్టే లెక్క. కాలవ మొదట్లో ఉన్నవాడు ముందు తోడేసుకుని, శివారు రైతు ఆకాశంకేసి చూసే పరిస్థితి ఇక్కడ లేదు. డెల్టాలో ఎన్నేళ్లుగానో తెగని పంచాయితీని గాజు తీగ తీర్చేసింది!

అంతేకాదు. రోహిణి కార్తె ఎండకి తీగ వేడెక్కితే వెలుగు ప్రయాణించే సమయం కూడా కాస్త మారుతుంది. పది కిలోమీటర్ల తీగ 20 డిగ్రీలు వేడెక్కితే వచ్చే తేడా సుమారు ఏడెనిమిది నానో సెకన్లు. మెరుపుల్లో లెక్కేస్తే తొమ్మిదో పదో. అందుకే లస్కరు ఒకసారి కొలిచి ఊరుకోడు. పొద్దుణ్నుంచి రాత్రిదాకా కొలుస్తూనే, సరిదిద్దుతూనే ఉంటాడు.

హ్యాండిలు తిప్పే ఇంజను

ఇంతవరకూ లస్కరు గొప్పదనం. కానీ లస్కరు చెప్పగానే తూము ఎత్తాలి కదా! ఇక్కడ తూము ఎత్తాల్సింది ఆవగింజకన్నా చిన్నదైన సెమీకండక్టర్ లేజరు. దీనికో జబ్బుంది. అదే తడబాటు. ఇంజినీర్లు 'జిట్టర్' అంటారు. 'వెలుగు' అన్న క్షణానికీ వెలిగిన క్షణానికీ మధ్య తేడా ప్రతిసారీ ఒకేలా ఉండదు.

ఎందుకలా? పొలంలో పాత డీజిల్ ఇంజను గుర్తుందా? హ్యాండిలు పెట్టి తిప్పితే ఓసారి రెండో చుట్టుకే అందుకుంటుంది. ఓసారి ఐదు చుట్లు తిప్పినా దగ్గి ఊరుకుంటుంది. చల్లారిన లేజరూ అంతే. దానికి కరెంటు ఇవ్వగానే వెలగదు. లోపల ఎలక్ట్రాన్లు ఓ హద్దు దాకా పోగవ్వాలి. హద్దు దాటాక కూడా తనంతట తానుగా పుట్టే మొట్టమొదటి వెలుగు కణాలు కావాలి. వాటి వెంట మిగతావి పరుగెత్తుకొస్తాయి. ఆ మొదటివి ఎప్పుడు పుడతాయన్నది పూర్తిగా అదృష్టం. తడబాటంతా అక్కడే.

మందేమిటంటే... ఇంజనుని అసలు చల్లారనివ్వకపోవడమే. మెరుపుకీ మెరుపుకీ మధ్య కూడా కరెంటుని హద్దు కిందికి దిగనివ్వరు. ఇంజను చిన్నగా 'టుక్ టుక్' మంటూనే ఉంటుంది. కావాల్సినప్పుడు వేగం పెంచితే చాలు. తడబాటు బాగా తగ్గిపోతుంది. నగరాలమధ్య నడిచే పెద్ద తీగల్లో అయితే ఇంకో అడుగు ముందుకేశారు. లేజరుని ఎప్పుడూ వెలిగించే ఉంచి, దాని ముందు ఓ తలుపు పెట్టి, తలుపునే తెరుస్తూ మూస్తూ ఉంటారు. ఇంజను పని ఇంజనుది, తూము పని తూముది.

కానీ మన వీధిలో ఈ మందుకి ఓ ఇబ్బంది ఉంది. తన వంతు కానప్పుడు లేజరు పూర్తిగా ఆరిపోవాలి. ముప్ఫై ఇళ్ల లేజర్లూ మిణుకు మిణుకుమంటూ ఉంటే ఆ మిణుకులన్నీ కలిసి, వంతు ఉన్నవాడి మాట వినపడకుండా చేస్తాయి. అందుకే పెట్టె ఏంచేస్తుందంటే- వంతు రావడానికి రెప్పపాటులో కోటో వంతు ముందు ఇంజను అందుకునేలా చేసి, వంతు అయిపోగానే పూర్తిగా ఆపేస్తుంది. వేసవిలో లేజరు వేడెక్కితే ఆ హద్దు కూడా పైకి జరుగుతుంది. దాన్ని కనిపెట్టడానికి లేజరు వీపు వెనకే వెలుగుని కొలిచే చిన్న కన్ను ఒకటి పెడతారు. ఆ కన్ను చూసినదాన్నిబట్టి కరెంటు పెంచుతారు, తగ్గిస్తారు.

ఆ ఆపే భాగం చెడితే? లేజరు ఆరదు. అందరి వంతులోనూ దానిదే వెలుగు. దీనికి ఇంజినీర్లు పెట్టిన పేరుకి తెలుగు అర్థం- 'పోకిరి పెట్టె'. మా ఇంటిది అదన్నమాట!

హైలెస్సా... ఆపైన పాపికొండలు

సెమీకండక్టర్ లేజరు పుట్టింది 1962లో. అమెరికాలో రాబర్ట్ హాల్ బృందం మొదటిది చేసినప్పుడు దాన్ని ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచాల్సి వచ్చేది. అదీ ఆగి ఆగి మెరుపులు మాత్రమే ఇచ్చేది. మామూలు గది వేడిలో నిలకడగా వెలిగేలా చేయడం 1970కి గానీ కుదరలేదు. రష్యాలో అల్ఫెరోవ్ బృందం, అమెరికా బెల్ ల్యాబ్స్‌లో హయాషీ, పానిష్ ఆ ఏడే సాధించారు. అల్ఫెరోవ్‌కి 2000లో నోబెల్ కూడా వచ్చింది. అప్పట్నుంచీ శాస్త్రవేత్తల తపనంతా ఒకటే- ఈ బుల్లి దీపానికి సమయపాలన నేర్పడం.

మన వీధికి నానో సెకన్లు చాలు. కానీ రాడార్లకీ రేడియో టెలిస్కోపులకీ అవి ఏ మూలకీ చాలవు. సెకనుకి వెయ్యి కోట్లసార్లు ఊగే తరంగాన్ని మెరుపుల వెలుగులో ఫొటోలు తీసినట్టు కొలవాలనుకోండి. మెరుపు కాస్త ఆలస్యమైతే ఫొటోలో తరంగం వేరేచోట కనిపిస్తుంది. దాన్ని 256 మెట్లుగా తేడా లేకుండా కొలవాలంటే తడబాటు సుమారు 60 ఫెమ్టో సెకన్లు దాటకూడదు. ఫెమ్టో సెకను అంటే నానో సెకనులో పది లక్షలో వంతు!

అందుకోసం వాడే లేజరు వేరే రకం. ఒక మిల్లీమీటరు పొడవున్న ముక్కలో వెలుగు అటూఇటూ తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ ఓ మెరుపుని బయటికి వదులుతుంది. సెకనుకి దాదాపు 4 వేల కోట్ల మెరుపులు! చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ దీనికి గడియారమంటూ లేదు. ముందు మెరుపుని చూసుకుని తరవాతి మెరుపు బయల్దేరుతుంది. ఒకదాని తప్పు దాని తరవాతదానికి అంటుతుంది. అలా తప్పుమీద తప్పు పేరుకుని వరస దారి తప్పుతుంది. పాటలేకుండా తెడ్లేస్తే పడవలో ఏమవుతుందో అదే.

పడవవాళ్లు దీనికేం చేస్తారు? 'హైలెస్సా' అంటారు! ఆ కేకకే అందరి తెడ్లూ ఒకేసారి పడతాయి. లేజరుకీ అదే వైద్యం. బయట ఓ నమ్మకమైన విద్యుత్ గడియారం పెట్టి, దాని తాళానికి లేజరుని తడుతూ ఉంటారు. పద్ధతి మంచిదే. కాకపోతే అంత వేగంగా, అంత నిలకడగా కొట్టే గడియారం ఖరీదు ఎక్కువ. పైగా దాని తడబాటు లేజరుకీ అంటుతుంది.

అక్కడే ఓ చక్కని ఆలోచన పుట్టింది. పాపికొండల దగ్గర లాంచీలో వెళ్లినప్పుడు గట్టిగా అరిస్తే మన కేక కొండకి తగిలి మళ్లీ మనకే వినిపిస్తుంది కదా... ఆ ప్రతిధ్వనికే తాళం వేస్తే? లేజరు నుంచి వచ్చిన మెరుపుల్లో కొంచెం తీసి, పొడవాటి గాజు తీగలో తిప్పి, మళ్లీ దానికే పంపిస్తారు. లేజరు తాను కాసేపటి కింద ఎలా మెరిసిందో వింటూ ఇప్పుడు మెరుస్తుందన్నమాట. ఎవరో బయటివాళ్లు కొట్టే డప్పు అక్కర్లేదు. వెనకటి తన మాటే తనకి కొలత. అయితే ప్రతిధ్వని సరిగ్గా తెడ్డు పడే వేళకే రావాలి. అటూఇటూ అయితే తడబాటు తగ్గకపోగా పెరుగుతుంది! అందుకే తీగ పొడవుని ఎంతో జాగ్రత్తగా సరిచూస్తారు. 1990ల్లో నాసాకి చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో స్టీవ్ యావో, ల్యూట్ మలేకీ ఇలాంటి ఆలోచనతోనే, లేజరు వెలుగుని కిలోమీటర్ల పొడవున్న తీగలో తిప్పి, చాలా నిలకడైన విద్యుత్ స్పందనల్ని పుట్టించే పరికరాన్ని తయారుచేశారు. అప్పట్నుంచీ ఎన్నో ప్రయోగశాలలు సెమీకండక్టర్ లేజర్లకి వాటి ప్రతిధ్వనినే గురువుగా పెట్టి పాఠం చెప్పిస్తున్నాయి.

వేగం ఒక్కటే చాలదు

మనకి ప్రకటనల్లో కనిపించేదంతా వేగమే. వంద ఎంబీపీఎస్, మూడొందల ఎంబీపీఎస్... అంటూ. లోకంలో వెలుగుని మించిన వేగం లేదు. అయినా వేగం ఒక్కటే ఉంటే మా వీధికి ఆ సాయంత్రం ఏమైందో చూశారుగా. చెప్పిన క్షణానికి వెలగడం ఎంత ముఖ్యమో, చెప్పిన క్షణానికి ఆరిపోవడం అంతకన్నా ముఖ్యం. ఒకడు మానకపోతే ముప్ఫై మంది ఆగిపోతారు. దాళ్వా కాలవగట్టుమీద మన తాతలు చెప్పుకున్నదీ అదే.

మీ వీధిలో ఎప్పుడైనా అందరికీ ఒకేసారి ఇంటర్నెట్ పోతే, తీగ తెగలేదని తేలితే, కేబుల్ అబ్బాయి వచ్చేలోగా ఓ పని చేయొచ్చు. నలుగురూ మాట్లాడుకుని ఒక్కో ఇంటి పెట్టెకీ కరెంటు ప్లగ్గు తీసి చూడండి. ఏ ఇంటిది తీయగానే మిగతావాళ్లకి వచ్చిందో పోకిరి అక్కడున్నట్టే. ఫైబరు తీగ మాత్రం ముట్టుకోకండి. అందులోని వెలుగు కంటికి కనిపించదు గానీ కంటికి మంచిది కాదు. తీగ చివర ఎప్పుడూ కంటికెదురుగా పెట్టుకోకూడదు.

ఇంతకీ ఎదురింటమ్మాయి సంగతి చెప్పలేదు కదూ. గడువు ముగియడానికి ఇంకా గంటన్నర ఉండగా ఆప్షన్లన్నీ ఎక్కించేసింది. పదిహేను రోజుల తరవాత సీటొచ్చిందని స్వీటు పట్టుకొచ్చింది. 'ఏ బ్రాంచమ్మా?' అంటే, 'ఎలక్ట్రానిక్స్ అంకుల్' అంది.

పోతూపోతూ గుమ్మం దగ్గర ఆగి, గోడకున్న మా కొత్త పెట్టెకేసి చూసి అడిగింది... 'ఇది బుద్ధిగానే ఉంటోందా అంకుల్?'